శాన్ కార్లోస్ వెచ్చని ఊటకు వెళ్లేముందు

ముందు పర్మిట్, తర్వాతే ప్రయాణం. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో శాన్ కార్లోస్ అపాచీలు అనే ఆదివాసీ తెగవారి నేల వాళ్ల సొంతం; రాష్ట్ర ప్రభుత్వ పర్మిట్లు అక్కడ చెల్లవు. తెగవారి రిక్రియేషన్, వైల్డ్‌లైఫ్ ఆఫీసులో తీసుకోవాలి. ఊట ఉన్న ప్రాంతానికి అది వర్తిస్తుందా, దారి తెరిచే ఉందా అని అక్కడే అడగండి. మూసేశామంటే వెనక్కి వచ్చేయడమే మర్యాద.

ఫీనిక్స్ నగరం నుంచి దారిలోని గ్లోబ్ పట్టణం దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడే ట్యాంకు నింపుకోండి. మనిషికి కనీసం 4 లీటర్ల మంచినీళ్లు పెట్టుకోండి, ఊట నీళ్లు తాగకండి. జులై నుంచి సెప్టెంబరు దాకా వాగులతో జాగ్రత్త: మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే వరద వచ్చేస్తుంది.

నీళ్లలో తల ముంచకండి, పిల్లల్నీ ముంచనివ్వకండి. వెచ్చని మంచినీటిలో నెగ్లేరియా అనే అమీబా ఉండొచ్చు. నీళ్లు ముక్కులోకి వెళితే అది మెదడుకు చేరుతుంది. అరుదే, కానీ సోకితే దాదాపు ప్రతిసారీ ప్రాణం తీస్తుంది.

ఊట అంచున తెల్లగా, పొరలుపొరలుగా పేరుకున్నది సున్నపురాయి. పెళుసుగా ఉంటుంది, కాలు మోపితే విరుగుతుంది. మళ్లీ పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. సబ్బు, నూనె, సన్‌స్క్రీన్ రాసుకుని దిగొద్దు. మనకు అలవాటైన చిల్లర నాణేలు, పసుపు కుంకుమలు కూడా నీళ్లలో వేయకండి. ఎవరైనా ప్రార్థన చేసుకుంటూ కనిపిస్తే ఫొటో తీయకుండా పక్కకు తప్పుకోండి.