గోధుమ గింజ బరువు ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకునే విధానం

రెండు గోధుమ వంగడాల దిగుబడిలో తేడా కనిపించగానే దానికి కారణమైన జన్యువు కోసం వెతకడం తొందరపాటు అవుతుంది. ముందుగా దిగుబడిని మూడు భాగాలుగా విడదీసి, చదరపు మీటరుకు ఎన్ని కంకులున్నాయో, కంకికి ఎన్ని గింజలున్నాయో, వెయ్యి గింజల బరువు ఎంతో విడివిడిగా రాసుకోవాలి. గింజల సంఖ్య పెరిగినప్పుడు సగటు బరువు సాధారణంగా తగ్గుతుంది, ఎందుకంటే అదనంగా కట్టే గింజలు చాలావరకు ప్రతి చిరుకంకిలోనూ (కంకిలో కొన్ని పూలు కలిసి ఉండే చిన్న గుత్తిలోనూ) చివరి పూలలో ఏర్పడే చిన్న గింజలే. కాబట్టి సగటు తగ్గినంత మాత్రాన వంగడంలో లోపం ఉందని చెప్పలేము.

తర్వాతి పని పూత రోజును గుర్తించడం. గోధుమ పూత కంకి మధ్యభాగంలో మొదలై పైకీ కిందికీ పాకుతుంది. మధ్యలోని పూల నుంచి పుప్పొడి తిత్తులు బయటికి వేలాడిన రోజునే ఆ కంకికి తేదీ రాసిన చీటీ కట్టాలి. అప్పటి నుంచి మూడు నాలుగు రోజులకొకసారి కొన్ని కంకులు కోసి, మధ్య చిరుకంకులలో అడుగున ఉండే మొదటి రెండు గింజలను మాత్రమే తీసుకోవాలి. ఈ నియమం తప్పితే ఒకసారి పెద్ద గింజలు, మరొకసారి చిన్న గింజలు చేతికొచ్చి లెక్క మొత్తం చెడిపోతుంది. తీసిన గింజలను పచ్చిగా తూచి, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి, మళ్ళీ తూచాలి.

పది రోజుల గింజను బ్లేడుతో చీల్చి చూస్తే ఆకుపచ్చని పై పొర లోపల నీళ్ళవంటి ద్రవమే కనిపిస్తుంది. పాలు పోసుకునే దశలో నొక్కితే తెల్లని పాలు చిమ్ముతాయి. పిండి గట్టిపడిన తర్వాత గోటి గాటు అలాగే నిలిచిపోతుంది. ఎండు బరువును రోజుల వారీగా గీస్తే మొదట నెమ్మదిగా, తర్వాత దాదాపు సరళరేఖలా పెరిగి, చివరకు ఆగిపోయే వక్రరేఖ వస్తుంది. దీని నుంచి గింజ నిండే వేగం, నిండే వ్యవధి అనే రెండు అంకెలు లభిస్తాయి. వేడి ఎక్కువైనప్పుడు ప్రధానంగా దెబ్బతినేది వ్యవధి.

గింజ ఎదుగుదలను నడిపే మొక్క హార్మోన్లను కూడా ఈ కాలక్రమంలోనే చదవాలి. ఫలదీకరణ జరిగాక అంకురచ్ఛదంలో, అంటే పిండి నిల్వ ఉండే గింజ భాగంలో, కేంద్రకాలు మొదట గోడలు లేకుండానే విభజన చెంది, కొద్ది రోజులకు గోడలు కట్టుకుంటాయి. పిండిపదార్థాన్ని నింపుకోబోయే కణాల సంఖ్య సుమారు రెండు వారాలలో చాలావరకు స్థిరపడుతుంది. కణ విభజనను ప్రేరేపించే సైటోకైనిన్ హార్మోన్లు ఉచ్చస్థాయికి చేరేది ఈ విభజన కాలంలోనే, కనుక వాటిని విచ్ఛిన్నం చేసే ఆక్సిడేజ్ ఎంజైముల జన్యువులపై పరిశోధకుల దృష్టి ఉంది. ఆక్సిన్ అనే మరో హార్మోను ఆ తర్వాత, గింజ నిండుతున్నప్పుడు పెరుగుతుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పాత్ర సమయాన్ని బట్టి మారిపోతుంది: పుప్పొడి ఏర్పడే వేళ నీటి ఎద్దడి వల్ల అది పెరిగితే పుప్పొడి వంధ్యమై గింజల సంఖ్య పడిపోతుంది, నిండే దశలో మితంగా పెరిగితే కాండంలోని నిల్వలు గింజకు చేరడానికి తోడ్పడుతుంది, పక్వదశలో సుప్తావస్థను నిలిపి, వానకు కంకిలోనే మొలకెత్తకుండా ఆపుతుంది. అందువల్ల ఒక హార్మోను మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు సమయం చెప్పకుండా జవాబు ఉండదు.

కోసిన కణజాలం వాడిపోతే అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది కనుక, నమూనాలను ప్రతిసారీ ఒకే వేళకు తీసి వెంటనే ద్రవ నత్రజనిలో ముంచాలి. ఫలితాన్ని గ్రాముకు ఎంతో, గింజకు ఎంతో రెండు విధాలుగానూ లెక్కించడం అవసరం. గ్రాముకు లెక్కలో హార్మోను తగ్గినట్లు కనిపించినా, నిజానికి గింజలో పిండి పెరిగి అది పలచబడి ఉండవచ్చు.

గింజకు ఆహారం చాలలేదా, లేక నింపుకునే సామర్థ్యమే తక్కువా అన్నది తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పూత తర్వాత పది రోజులకు కొన్ని కంకులలో ఒక వైపు చిరుకంకులను పూర్తిగా తీసివేసి, మిగిలిన గింజలను పక్వానికి వచ్చాక తూచాలి. బరువు పెద్దగా పెరగకపోతే లోటు ఆహారంలో కాదు, గింజ సామర్థ్యంలోనే ఉన్నట్లు. గోధుమలో తరచుగా వచ్చే ఫలితం ఇదే.

జన్యువుల వైపు మళ్ళేది ఇప్పుడే. రొట్టె గోధుమలో ఎ, బి, డి అనే మూడు జన్యుసముదాయాలు, మొత్తం 42 క్రోమోసోములు ఉన్నాయి, కాబట్టి ఒక జన్యువు పనిచేయకపోయినా మిగతా రెండు ప్రతులు ఆ లోటును చాలావరకు కప్పేస్తాయి. గింజ వెడల్పును అదుపులో ఉంచే జీడబ్ల్యూ2 జన్యువులో ఎ ప్రతి ఒక్కటే పనిచేయనప్పుడు గింజ బరువు సుమారు 6-7 శాతం పెరిగింది. మిగతా ప్రతులనూ ఆపితే ఆ పెరుగుదల ఇంకా ఎక్కువైంది. ఇంత చిన్న తేడాను సంబంధం లేని రెండు వంగడాలను పక్కపక్కన పెట్టి పట్టుకోవడం అసాధ్యం. పదేపదే బ్యాక్‌క్రాస్ చేసి (సంకర మొక్కను మళ్ళీ మళ్ళీ ఒకే తల్లి వంగడంతో కలిపి), ఆ ఒక్క జన్యువులో తప్ప మిగతా అన్నింటిలో దాదాపు ఒకేలా ఉండే జంట వంశాలనే పోల్చాలి.

పొట్టి వంగడమైతే మొక్క ఎత్తును తగ్గించే ఆర్‌హెచ్‌టీ జన్యువులను తప్పక పరీక్షించాలి. వీటిలో జపాన్ వంగడం నోరిన్ 10 నుంచి వచ్చినవి, కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను సంకేతానికి లొంగక ఎదుగుదలను అణచి ఉంచే డెల్లా ప్రోటీన్లను తయారుచేస్తాయి. కాండం పొట్టిదై, మిగిలిన ఆహారం ఎదుగుతున్న కంకికి చేరడంతో ఎక్కువ పూలు నిలిచి గింజల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో గింజ బరువు మాత్రం తరచుగా కొంత తగ్గుతుంది. పరీక్షకు జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని (ఒక జిబ్బరెల్లిన్‌ను) మొదట కొద్ది ఆల్కహాలులో కరిగించి, లీటరు నీటికి సుమారు 10 మిల్లీగ్రాములు ఉండేలా కలిపి, అందులో కొన్ని మొలకలను పెంచాలి. అంతే ఆల్కహాలు కలిపిన మామూలు నీటిలో మరికొన్నింటిని పెంచి, ఆకు పొడవు రెండింటిలోనూ కొలవాలి. ఆకులు సాగకపోతే నోరిన్ 10 రకం జన్యువు ఉన్నట్లు. పొట్టిగా ఉండే మొక్క ఆకులు సాగితే ఆర్‌హెచ్‌టీ8 వంటి వేరే జన్యువును అనుమానించి, డీఎన్‌ఏ మార్కరుతో నిర్ధారించుకోవాలి.

ఎంచుకున్న వంశాన్ని ఒకటి కంటే ఎక్కువ పంటకాలాలలో సాధారణ సాంద్రతలో విత్తి చూడాలి, ఎందుకంటే కుండీలో విడిగా పెరిగిన మొక్క గింజ బరువు పొలంలో నిలవకపోవచ్చు. వెయ్యి గింజల బరువు పెరిగినా చదరపు మీటరు దిగుబడి కదలకపోతే, ఆ పంట నుంచి దాచి ఉంచిన కంకులను తెరిచి గింజల సంఖ్యను స్థానాల వారీగా మళ్ళీ లెక్కించాలి.