సింథటిక్ ఆయిల్ పోయించినా హైబ్రిడ్ మైలేజీ తగ్గిందా? ముందు బిల్లు తీయండి

సమస్య: హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్నది) సర్వీసింగుకి ఇచ్చారు. "ఈసారి ఫుల్ సింథటిక్ వేయించుకోండి సార్, మైలేజీ పెరుగుతుంది" అన్నారు. డబ్బు ఎక్కువైనా సరేనని వేయించారు. నెల తిరిగేసరికి పెరగడం మాట అటుంచి, ఉన్నది కూడా కాస్త తగ్గింది.

ఈ గోడు చెప్పుకునేవాళ్లని నేను ముందుగా అడిగేది ఆయిల్ గురించి కాదు. టైర్లలో గాలి ఎంతుంది? "బానే ఉందండీ, కనబడుతోందిగా" అంటారు. కనబడదు. ఆరు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గిన టైరు కూడా పక్కన నిలబడి చూస్తే నిండుగానే ఉంటుంది. నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ దాదాపు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అంటే నాలుగింట్లోనూ ఆరేసి పీఎస్‌ఐ తగ్గితే ఒక శాతం పైన పోయినట్టే. సరైన గ్రేడు (చిక్కదనం) ఆయిల్ వల్ల కలిసొచ్చేది 1 నుంచి 2 శాతమని అదే శాఖ చెబుతోంది. ఆయిల్‌తో సంపాదించింది గాలిలో కలిపేస్తున్నారన్నమాట, అక్షరాలా. పొద్దున బండి కదలకముందే గేజి పెట్టి చూడండి. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీద ఎంతుంటే అంత నింపండి. ఇది చూడకుండా కింది భాగం చదవడం దండగ.

ఇంకో మాట. మైలేజీ తగ్గిందని దేన్ని చూసి అంటున్నారు? డాష్‌బోర్డు మీది అంకె లెక్కలోకి రాదు. ట్యాంకు ఫుల్ చేసి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ ఫుల్ చేసినప్పుడు పట్టిన లీటర్లతో కిలోమీటర్లను భాగించండి. కనీసం మూడు ట్యాంకులైనా అలా చూడాలి. చలి మొదలయ్యాక ఆయిల్ మార్పించి ఉంటే తప్పు దాని మీదికి తోయకండి. బయట 25 డిగ్రీలున్నప్పటితో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల్లో, ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే హైబ్రిడ్ మైలేజీ 30 శాతం పైన పడిపోగలదు. దాని ముందు ఆయిల్ ఏపాటి?

ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయా? అయితే అసలు దొంగ దగ్గరికి వద్దాం.

కారణం: ఆయిల్ సింథటిక్కే, గ్రేడు వేరు

ఇది నాకే తగిలింది. నా కారు ఆయిల్ మూత మీద 0డబ్ల్యూ-20 అని అచ్చు పోసి ఉంటుంది. ఎన్నోసార్లు చూసిన మూతే. ఓసారి బయట సర్వీసింగు చేయించాను. మూడు ట్యాంకులు లెక్క కట్టి చూస్తే లీటరుకి దాదాపు ఒక కిలోమీటరు తేడా వస్తోంది. గాలి చూశాను, ఎయిర్ ఫిల్టరు మార్చాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు పైకెత్తి తిప్పాను, అలైన్‌మెంట్ చేయించాను. నెలన్నర ఇలాగే గడిచింది. చివరికి గ్లవ్ బాక్సులో మడిచి పెట్టిన బిల్లు తీసి చూస్తే, "ఫుల్ సింథటిక్" అన్న పెద్ద అక్షరాల పక్కన చిన్నగా 5డబ్ల్యూ-40 అని ఉంది. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. నేనే అడగాల్సింది అడగలేదు.

సింథటిక్ అనే మాట ఆయిల్‌ని దేనితో తయారుచేశారో చెబుతుంది, ఎంత చిక్కగా ఉంటుందో చెప్పదు. చిక్కదనం సంగతి గ్రేడు చెబుతుంది. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఎలా ఉంటుందో, తర్వాతిది 100 డిగ్రీల వేడిలో ఎలా ఉంటుందో. ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) ప్రమాణం ప్రకారం ఆ వేడిలో 20 గ్రేడు చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు. అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా 40 గ్రేడు ఇంచుమించు ఒకటిన్నర నుంచి రెండింతలు చిక్కగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు సెంటీస్టోక్స్‌లో ఆ దూరం ఇంకా పెద్దది.

హైబ్రిడ్‌కి దెబ్బ అక్కడే. మామూలు కారులో ఇంజిన్ ఆగకుండా తిరుగుతూ ఆయిల్ కాగిపోతుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ కాసేపు తిరిగి ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. పది నిమిషాల ప్రయాణాలే ఎక్కువైతే ఆయిల్ సరిగ్గా వేడెక్కకుండానే రోజు గడిచిపోతుంది. చిక్కటి ఆయిల్‌ని తోసుకుంటూ తిరగడానికి పెట్రోలు ఎక్కువగా పోయేది ఆ చల్లటి నిమిషాల్లోనే. ఇంకో వైపు, ఇంజిన్ ఆగి బ్యాటరీ మీద నడిచినంతసేపూ మీరు పోయించింది ఎంత ఖరీదైన ఆయిలైనా పైసా మిగల్చదు. అందుకే "సింథటిక్ వేస్తే లీటరుకి మూడు నాలుగు పెరుగుతాయి" అన్నవాళ్ల మాట నేను పట్టించుకోను.

పరిష్కారం: ముందు ఓనర్స్ మాన్యువల్‌లో గ్రేడు చూడండి. కొత్త టొయోటా హైబ్రిడ్‌లలో చాలావాటికి 0డబ్ల్యూ-16, మూడో తరం ప్రియస్‌కి 0డబ్ల్యూ-20, రెండో తరం ప్రియస్‌కి 5డబ్ల్యూ-30. ఒకే పేరున్న కారుకే తరం మారితే గ్రేడు మారింది చూశారుగా. పక్కింటివాళ్ల కారులో పోసిందే మన కారులో పోయకూడదనేది ఇందుకే. తర్వాత బిల్లు చూడండి. బిల్లులో గ్రేడు లేకపోతే ఫోన్ చేసి అడగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి దాని మీది ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చెప్పేస్తామనేవాళ్లుంటారు, నమ్మకండి. వాడిన ఆయిల్ గ్రేడు చేత్తో తెలియదు.

తప్పు గ్రేడని తేలితే ఫిల్టరుతో సహా మార్పించండి. కంగారు అక్కర్లేదు, చిక్కటి ఆయిల్ వల్ల ఇంజిన్ నెలలో పాడైపోదు. అలాగని మాన్యువల్లో లేని పలచటి గ్రేడుకి దిగకండి, అది మైలేజీ కోసం ఇంజిన్‌ని పణంగా పెట్టడం. మార్చాక కారు సమంగా ఉన్నచోట ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి. పై గీత దాటకూడదు. మూడో తరం ప్రియస్‌కి ఫిల్టరుతో కలిపి పట్టేది 4.2 లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా కొన్నాం కదా అని మొత్తం వంచేసే చేతులు ఎక్కువ. మరీ ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు) ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ శ్రమ కూడా పెట్రోలు ఖాతాలోకే.

సరైన గ్రేడు సింథటిక్ ముందునుంచీ ఉండి, ఇప్పుడు అదే గ్రేడులో ఖరీదైన కంపెనీది వేయించినవాళ్లకి కనబడే తేడా ఏమీ ఉండదు. 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 అమ్మేవన్నీ ఇంచుమించు సింథటిక్‌లే.

మైలేజీ తగ్గడానికి అరుదైన కారణాలు: థర్మోస్టాట్ (కూలెంట్ దారిని మూసి తెరిచే వాల్వు) తెరుచుకునే ఉండిపోవడం (ఇంజిన్ వేడెక్కదు, అందుకే ఆగదు), వెనక సీటు దగ్గరి హైబ్రిడ్ బ్యాటరీ ఫ్యాన్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, బ్రేకు క్యాలిపర్ పట్టేయడం. మొదటిదానికి స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తే చాలు, రెండోది విప్పి దులిపితే సరి, మూడోదానికి చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆయిల్‌లో కలిపే మైలేజీ మందుల గురించి అడగొద్దు.

డబ్బా మీద "హైబ్రిడ్" అని ఆకుపచ్చ అక్షరాల్లో రాసి అమ్మేవీ ఉన్నాయి. వాటికీ ఇదే పద్ధతి. డబ్బా తిప్పి గ్రేడు చదవండి, అది మాన్యువల్లో ఉన్నదేనా చూడండి.