పశు ప్రదర్శనకు వెళ్లే పిల్లలకు వై.క్యు.సి.ఏ. సర్టిఫికెట్

అమెరికాలో 4-హెచ్ (పిల్లలకు చేతిపనులు, పశుపోషణ వంటివి నేర్పే యువజన సంస్థ) లేదా ఎఫ్.ఎఫ్.ఏ.లో (బడుల్లో వ్యవసాయ విద్యతో ముడిపడిన విద్యార్థి సంస్థ) చేరి మేకనో, పందినో, దూడనో పెంచి కౌంటీ ఫెయిర్‌లో, అంటే జిల్లా స్థాయి సంతలో, ప్రదర్శించాలనుకునే పిల్లలు, చాలాచోట్ల ముందుగా పశు సంరక్షణ శిక్షణ పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ చూపవలసి ఉంటుంది. ఈ శిక్షణల్లో విస్తృతంగా అమలులో ఉన్నది ‘యూత్ ఫర్ ది క్వాలిటీ కేర్ ఆఫ్ యానిమల్స్’, అంటే వై.క్యు.సి.ఏ. ఇది 8 నుంచి 21 ఏళ్ల వారికి ఉద్దేశించినది. ఆహార భద్రత, పశువు క్షేమం, పెంచేవారి నడవడి దీని పాఠ్యాంశాలు.

శిక్షణకు డబ్బు కట్టే ముందు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయాన్నో (4-హెచ్‌ను నడిపే స్థానిక వ్యవసాయ విస్తరణ కార్యాలయం), ఎఫ్.ఎఫ్.ఏ. ఉపాధ్యాయుణ్నో అడిగి, మీ ప్రదర్శనకు ఏ శిక్షణ చెల్లుతుందో, గడువు తేదీ ఏమిటో తెలుసుకోండి. టెక్సస్‌లోని పెద్ద ప్రదర్శనలకు ‘క్వాలిటీ కౌంట్స్’ అనే వేరే శిక్షణ అవసరమవుతుంది. వై.క్యు.సి.ఏ. శిక్షణకు వెబ్‌సైట్‌లో ఖాతా పిల్లల పేరునే తెరవాలి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనుక ఉండటం మామూలే కాబట్టి, 4-హెచ్ నమోదులో పేరు ఎలా ఉందో ఇక్కడా అలాగే రాయించండి.

శిక్షణ ఆన్‌లైన్‌లోనూ, బోధకుల సమక్షంలోనూ దొరుకుతుంది. మొదటిసారి పశువును పెంచుతున్న పిల్లలకు ప్రత్యక్ష తరగతే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సందేహాన్ని అక్కడికక్కడే అడిగి తీర్చుకోవచ్చు. సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది కనుక ఏటా మళ్లీ పొందాలి.

పాఠాలలో అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసింది మందుల వాడకం. ప్రదర్శన తరువాత అమ్ముడుపోయే పశువు చాలావరకు ఎవరో ఒకరి భోజనంలోకే చేరుతుంది. అందుకే మందు ఇచ్చాక దాని అవశేషాలు మాంసంలోనో పాలలోనో అనుమతించిన స్థాయికి తగ్గేవరకు ఆగవలసిన గడువును లేబుల్ మీద ముద్రిస్తారు. దీన్ని విత్‌డ్రాయల్ గడువు అంటారు. 21 రోజుల గడువున్న మందును జూన్ 10 ఉదయం 8 గంటలకు ఇస్తే, ఒక్కో రోజును నిండు 24 గంటలుగా లెక్కించాలి కనుక, జూలై 1 ఉదయం 8 గంటల వరకు ఆ పశువును వధకు పంపరాదు. ఫెయిర్ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసి, ఏ రోజు తరువాత ఏ మందు ఇవ్వకూడదో క్యాలెండర్ మీద గుర్తు పెట్టించండి. అయితే పశువుకు నిజంగా జబ్బు చేస్తే చికిత్స ఆపకూడదు, ప్రదర్శననే వదులుకోవాలి.

లేబుల్‌లో లేని జాతికి, లేని మోతాదులో మందు ఇవ్వాలంటే పశువైద్యుల ఆదేశం తప్పనిసరి. మేకలకు ఆమోదించిన మందులు తక్కువ కాబట్టి, మేకలు పెంచే పిల్లలకు ఈ నియమం తరచూ ఎదురవుతుంది. అప్పుడు విత్‌డ్రాయల్ గడువును కూడా వైద్యులే నిర్ణయిస్తారు. 2023 జూన్ నుంచి, మనుషుల వైద్యంలోనూ ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు పశువులకు కావాలన్నా ప్రిస్క్రిప్షన్ ఉండాలి. అందుచేత పశువును కొనేటప్పుడే వైద్యులతో పరిచయం ఏర్పరచుకోవడం మంచిది.

ప్రతి చికిత్సనూ పిల్లల చేతే ఒక పుస్తకంలో రాయించండి: చెవి ట్యాగ్ సంఖ్య, తేదీ, మందు పేరు, మోతాదు, ఇచ్చిన విధానం, ఇచ్చినవారి పేరు, గడువు ముగిసే రోజు. ఫెయిర్‌కు వెళ్లేటప్పుడు ఈ పుస్తకాన్నీ, సర్టిఫికెట్ ముద్రిత ప్రతినీ వెంట ఉంచుకోండి. ఫెయిర్ నుంచి తిరిగి తెచ్చిన పశువు ద్వారా జబ్బులు సోకకుండా, దాన్ని కొన్నాళ్లు మందకు దూరంగా కట్టి, దానికి వాడే బకెట్లను విడిగా ఉంచండి.