ఎడ్జ్ ఫైండర్ వాడినా హోల్ పక్కకు పోతోందా? ఎంత పోయిందో ముందు కొలవండి

ఎడ్జ్ ఫైండర్ అంటే మిల్లింగ్ మెషీన్‌లో తిరిగే స్పిండిల్‌కు బిగించి, జాబ్ (మనం కోసే ముక్క) అంచు ఎక్కడుందో పట్టుకునే రెండు ముక్కల కడ్డీ. కింది ముక్కే టిప్, అది అంచుకు తగిలి పక్కకు జారితే అంచు దొరికినట్టు. గాజులమండ్యం దగ్గర మా షెడ్డులో మిల్లింగ్ నేర్చుకోవడానికి వచ్చే ఐటీఐ పిల్లలు మొదటి నెలలో తప్పకుండా అడుగుతారు, "అన్నా, ఎడ్జ్ ఫైండర్‌తోనే చూశా కదా, హోల్ ఎందుకు పక్కకు పోయింది?" అని. ఎంత పోయింది అని నేను తిరిగి అడుగుతా. వెర్నియర్ పెట్టి ఆ అంకె చెబితే చాలు, సగం కారణం అందులోనే ఉంటుంది.

సరిగ్గా 5 మి.మీ. అంచు వైపుకు వచ్చిందా? 10 మి.మీ. వ్యాసం ఉన్న టిప్ పక్కకు జారిన చోటే రీడింగ్‌ను జీరో కొట్టేశారు. అప్పటికి స్పిండిల్ సెంటర్ అంచుకు ఇంకా 5 మి.మీ. బయటే ఉంటుంది, 20 దగ్గర పడాల్సిన హోల్ 15 దగ్గర పడుతుంది. 10 పోయిందంటే ఆ 5 గుర్తుంది గానీ వెనక్కి జరిపారు. టిప్ జారాక క్విల్ (స్పిండిల్‌ను పైకీ కిందికీ జరిపే భాగం) పైకెత్తి, జాబ్ వైపుకే 5 జరిపి జీరో చేయండి. 4 మి.మీ. టిప్ అయితే 2 చాలు, అక్కడ 5 జరిపితే హోల్ 3 మి.మీ. లోపలికి పోతుంది. తేడా 0.04 మాత్రమే అయితే టిప్‌ను మైక్రోమీటర్‌తో చూడండి. అంగుళాల రకంలో టిప్ 5 కాదు, 5.08 మి.మీ. ఉంటుంది, అంటే సగం 2.54. మనం 2.5 అనుకుని జరిపేస్తాం.

డీఆర్ఓ (టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే డిస్‌ప్లే) లేని పాత మెషీన్‌లో 0.1, 0.2 తేడా వస్తుంటే బ్యాక్‌లాష్, అంటే స్క్రూకూ నట్టుకూ మధ్య ఉండే సందు, చూడాలి. కాస్త ఎక్కువ తిప్పేశామని హ్యాండిల్ కొంచెం వెనక్కి తిప్పి రీడింగ్ తీసుకుంటే, స్క్రూ తిరుగుతుంది గానీ టేబుల్ కదలదు. దాటిపోతే ఒక రౌండు పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్లీ అదే వైపు నుంచి రండి.

ఒకే అంచుకు మూడుసార్లు మూడు రీడింగులు వస్తే మాత్రం లెక్కల జోలికి పోవద్దు. అంచు మీద వేలు పెడితే బర్ (కోసినప్పుడు అంచున లేచిన పొడుచుకునే గరుకు) గీరుకుంటుంది, ఆకురాయితో ఒక్కసారి లాగి తుడవండి. ఆ తర్వాత ఫైండర్ రెండు ముక్కలూ కలిసే చోటు చూడండి, అక్కడ సన్నటి ఇనుప రజను, ఎండిన నూనె పేరుకుని టిప్ స్వేచ్ఛగా జారదు. కిరోసిన్‌తో కడిగి, పల్చటి నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. చివర్లో హ్యాండిల్‌ను 0.01 చొప్పున జరపండి: ఊగే టిప్ నెమ్మదిగా నిలకడకు వచ్చి, పై ముక్కతో కలిసి ఒకే కడ్డీలా కనిపిస్తుంది, ఆ వెంటనే టక్కున పక్కకు జారుతుంది. తొందరపడితే ఆ క్షణం దాటిపోతుంది. మూడుసార్లూ 0.01 లోపు కలిస్తేనే నమ్మండి.

టిప్ పిచ్చిగా ఎగురుతుంటే స్పీడ్ ఎక్కువైంది, నిమిషానికి 600 నుంచి 1000 చుట్ల మధ్య పెట్టండి. 2000 మీద తిప్పితే లోపలి స్ప్రింగ్ సాగిపోతుంది, అలా సాగింది మళ్లీ సరి కాదు, కొత్తది కొనాల్సిందే.

జాబ్‌కు తగలగానే బల్బు వెలిగే రకం ఫైండర్ వాడేవాళ్లు స్పిండిల్ ఆపేశాకే పని చేయాలి. నైలాన్, అనోడైజ్ చేసిన అల్యూమినియం, పెయింట్ ఉన్న జాబ్‌ల మీద కరెంటు పారదు కాబట్టి బల్బు వెలగదు. అది చెడిపోయిందనుకుని ఇంకా తోస్తే విరిగేది ఫైండరే, వాటికి తిరిగే రకమే పెట్టండి.