ఆఫీసు మెయిల్ ఫోన్‌లో పెట్టుకుంటున్నారా? ముందు ల్యాప్‌టాప్ తెరవండి

మాదాపూర్‌లో ఒక కంపెనీ ఐటీ సపోర్ట్ డెస్క్‌లో కూర్చుంటాను. సోమవారం వచ్చిందంటే చాలు, కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేతిలో పట్టుకుని వస్తారు: "అన్నా, జర మెయిల్ పెట్టియ్యవా?" పెట్టడం పెద్ద పనేం కాదు. మధ్యలో ఫోన్ అడిగే పర్మిషన్లు చదవకుండా ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోతారు, నా బాధంతా అదే.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం చేరేలోపు నిలబడే కానిచ్చేద్దామనుకోకండి. క్యూఆర్ కోడ్ ల్యాప్‌టాప్ తెరమీద రావాలి, దాన్ని ఫోన్ స్కాన్ చేయాలి. అందుకని రెండూ ఎదురుగా పెట్టుకుని కూర్చోండి.

మైక్రోసాఫ్ట్ మెయిల్ వాడే కంపెనీ అయితే ముందు అథెంటికేటర్ (లాగిన్ అయ్యేది మీరేనని ఖాయం చేసే యాప్), తర్వాతే అవుట్‌లుక్ (మెయిల్ యాప్). రెండూ ప్లే స్టోర్ నుంచే దించుకోండి, పేరు కింద మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అని ఉందో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో మీ అకౌంట్ సెక్యూరిటీ ఇన్ఫో పేజీకి వెళ్లి, కొత్త సైన్ ఇన్ పద్ధతి కింద అథెంటికేటర్ యాప్ ఎంచుకుంటే కోడ్ వస్తుంది. ఫోన్‌లో ప్లస్ గుర్తు నొక్కి, 'వర్క్ ఆర్ స్కూల్ అకౌంట్' ఎంచుకుని స్కాన్ చేయండి.

ఇప్పుడు అవుట్‌లుక్‌లో మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వగానే తెరమీద రెండంకెల నంబర్ కనిపిస్తుంది. దాన్ని అథెంటికేటర్‌లో కొట్టాలి. చిక్కేమిటంటే, రెండూ ఒకే ఫోన్‌లో ఉన్నప్పుడు అథెంటికేటర్ పెట్టె వచ్చి ఆ నంబర్ మీదే కూర్చుంటుంది. ఆ పెట్టెలోనే 'నంబర్ కనిపించడం లేదు' అనే ఆప్షన్ ఉంటుంది. నొక్కితే పెట్టె కాసేపు పక్కకు తప్పుకుంటుంది, ఆలోపు నంబర్ చూసుకోవచ్చు. మీరు లాగిన్ కాకుండానే ఇలాంటి పెట్టె వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో పడి ఉండొచ్చు. కాదని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చి, ఐటీ వాళ్లకు చెప్పండి.

తర్వాత కొన్ని కంపెనీలు కంపెనీ పోర్టల్ యాప్ (ఫోన్‌లో ఆఫీసు యాప్‌లను కంపెనీ అదుపులో ఉంచేది) కూడా వేసుకోమంటాయి. ఇక్కడ ఆగి చదవండి. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని వస్తే ఆఫీసు యాప్‌లు వేరే గదిలోకి పోతాయి, ఐకాన్ మూలన చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు పడుతుంది. మీ సొంత ఫోటోలు, వాట్సాప్ కంపెనీకి కనపడవు. రేపు ఉద్యోగం మానేసినా వాళ్లు తుడిచేది ఆ గదినే. దీనికి నేను ధైర్యంగా సరే అంటాను. ఫోన్‌తో వచ్చిన పాత మెయిల్ యాప్‌లో ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్) అకౌంట్ కలుపుతుంటే మాత్రం, 'డివైస్ అడ్మిన్ యాక్టివేట్ చేయాలా' అని అడిగి, కింద 'ఎరేజ్ ఆల్ డేటా' అని చూపించవచ్చు. అంటే ఫోన్ మొత్తం దూరం నుంచే తుడిచేసే అధికారం. కంపెనీ ఇచ్చిన ఫోన్ అయితే వాళ్లిష్టం. మీ డబ్బుతో కొన్న ఫోన్ అయితే వెనక్కి వచ్చేసి, అవుట్‌లుక్ యాప్‌లోనే కుదురుతుందేమో మీ ఐటీ వాళ్లను అడగండి.

చిన్న ఆఫీసుల్లో సొంత డొమైన్ మెయిల్ (ఐడీలో @ తర్వాత కంపెనీ పేరే ఉండి, వేరే సర్వర్‌లో నడిచేది) ఉంటే కథ వేరు. సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతి ఏదని ఫోన్ అడిగితే ఐమ్యాప్ ఎంచుకోండి, పాప్ వద్దు. పాప్‌లో మీరు ఫోన్ నుంచి పంపినవి ల్యాప్‌టాప్‌లో కనపడవు. మామూలుగా ఇన్‌కమింగ్ పోర్ట్ 993, ఎస్ఎస్ఎల్‌తో (మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి). అవుట్‌గోయింగ్ 587 లేదా 465. యూజర్‌నేమ్ దగ్గర మెయిల్ ఐడీ మొత్తం రాయండి. మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదంటే అవుట్‌గోయింగ్ సర్వర్‌కు కూడా లాగిన్ కావాలన్న టిక్ పెట్టారో లేదో చూడండి, ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

నోటిఫికేషన్ ఆలస్యంగా వస్తుంటే తప్పు మెయిల్‌ది కాకపోవచ్చు. బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కు 'నో రెస్ట్రిక్షన్స్' ఇవ్వండి, రెడ్‌మీ లాంటి ఫోన్లలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయండి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు గోల వద్దనుకుంటే వర్క్ ప్రొఫైల్‌ను పాజ్ చేసేయొచ్చు. ఈ సౌకర్యం ఉందని చెబితే ముందు నా మొహం చూసి, ఆ తర్వాతే నమ్ముతారు. అన్నట్టు, సిగ్నేచర్‌లో 'గెట్ అవుట్‌లుక్ ఫర్ ఆండ్రాయిడ్' అని దానంతటదే పడుతుంది, తీసేయండి.

ఫోన్ మార్చేటప్పుడు పాతది అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో అమ్మినా, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చినా, అది చేతిలో ఉండగానే కొత్త ఫోన్‌లో అథెంటికేటర్ పెట్టుకోండి. బ్యాకప్ ఉంది కదా అనుకోవద్దు, ఆఫీసు అకౌంట్‌కు మళ్లీ సైన్ ఇన్ కావాల్సిందే. కొత్తదాంట్లో మెయిల్ తెరుచుకున్నాక పాత ఫోన్ నుంచి అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఇవ్వండి.