గ్రామసభలో చెప్పిన సమస్య తీర్మానాల పుస్తకానికి ఎక్కాలంటే

గ్రామసభ ముగిసి జనం ఇళ్లకు మళ్లేటప్పుడు తరచుగా వినిపించే మాట, "చెప్పాల్సింది చెప్పాం, కార్యదర్శి రాసుకున్నాడు" అన్నది. ఆయన రాసుకున్నది తన డైరీలోనా, పంచాయతీ తీర్మానాల పుస్తకంలోనా అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. డైరీలో రాసుకున్న మాటకు ఎవరూ జవాబుదారీ కారు. తీర్మానాల పుస్తకంలో సంఖ్యతో, తేదీతో నమోదైన వాక్యానికైతే సర్పంచు, కార్యదర్శి, వారిపై అధికారులు ఏదో ఒక రోజు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అందుకే సభకు వెళ్లేముందు, సభలో, సభ తర్వాత మనం చేయవలసిన పనులన్నీ ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరగాలని నా నమ్మకం.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. పంచాయతీ సమావేశం అంటే సర్పంచు, ఉపసర్పంచు, వార్డు సభ్యులు నెలకొకసారి కూర్చునేది. గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ కూర్చునేది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పుడే గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దక్కింది. జాబితాలో మీ పేరుంటే మీరు ఆ సభలో సభ్యులే, రమ్మని ఎవరూ పిలవనక్కర్లేదు, మాట్లాడనిమ్మని ఎవరినీ బతిమాలనక్కర్లేదు. పని కోసం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ ఓటు ఊళ్లోనే ఉంచుకున్నవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

సభ ఎప్పుడో తెలియకపోవడం చాలా ఊళ్లలో మొదటి అడ్డంకి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి, అంటే ఏడాదికి ఆరుసార్లు గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం అమల్లో ఉంది. అక్కడ సాధారణ సభలతో పాటు ప్రభుత్వం ప్రత్యేకంగా తేదీ ప్రకటించి సభలు పెట్టించడమూ ఉంది, 2024 ఆగస్టు 23న ఒకే రోజున 13,326 పంచాయతీల్లో సభలు జరిగాయి. తేదీని పంచాయతీ కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించాలి, ఊళ్లో చాటింపు వేయించాలి. చాటింపు మీ వీధి దాకా రాకపోతే ఆ విషయాన్నే మొదటి ఫిర్యాదుగా రాసి ఇవ్వవచ్చు, ఎందుకంటే ఊరి చివర ఉండే కాలనీలకు చాటింపు చేరకపోవడం పొరపాటున జరిగేది కాదని అక్కడ ఉండేవాళ్లకు తెలుసు. సభ సమయం గురించి కూడా నోరు విప్పాలి. నాట్ల కాలంలో పగలు పదకొండు గంటలకు సభ పెడితే కూలికి వెళ్లే ఆడవాళ్లు ఒక్కరైనా రాగలరా? సాయంత్రం పెట్టమని, ఒకసారి ఎస్సీ కాలనీలో, ఒకసారి తండాలో పెట్టమని పదిమంది సంతకాలతో ముందుగానే అర్జీ ఇస్తే ఆ కోరికను కాదనడం కష్టం.

సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది హాజరు కావాలన్న లెక్క ఉంటుంది. తెలంగాణ చట్టంలో ఓటర్ల సంఖ్య 500 లోపు ఉన్న ఊరికి 50 మంది, 1,000 లోపు ఉంటే 75 మంది, 3,000 లోపు ఉంటే 150 మంది హాజరు కావాలి, ఊరు పెద్దదయ్యే కొద్దీ ఈ సంఖ్యా పెరుగుతుంది. జనం రాకపోతే తర్వాత ఇంటింటికీ తిరిగి హాజరు పట్టీలో సంతకాలు తీసుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది. వెళ్లని సభకు వెళ్లినట్టు సంతకం పెట్టడమంటే అక్కడ ఏం తీర్మానించారో తెలియకుండానే దానికి ఒప్పుకున్నట్టు. నిర్ణీత సభలు జరపని సర్పంచు పదవి కోల్పోయే నిబంధన చట్టంలో ఉన్నా, అది కాగితానికే పరిమితమవుతున్నది ఇలాంటి సంతకాల వల్లనే.

ఇక సభలో జరిగే మామూలు వ్యవహారం సంగతి. ఎజెండాలో మొదటి భాగం చాలామందికి విసుగు పుట్టిస్తుంది. జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గత ఏడాది పరిపాలన నివేదిక, వచ్చే ఏడాది పనుల ప్రణాళిక, పన్నుల ప్రతిపాదనలు వరసగా, గబగబా చదువుతారు. తమ పింఛను సంగతో ఇంటి సంగతో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లు ఆ అరగంటను మాటల్లో గడిపేస్తారు. నిజానికి ఆ అరగంటలోనే మీ సమస్యకు డబ్బు ఉందో లేదో తేలుతుంది. పంచాయతీకి వచ్చే డబ్బులో ఇంటిపన్ను, కుళాయి పన్ను వంటి సొంత రాబడి ఒకటైతే, ఆర్థిక సంఘం నిధులు మరొకటి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి మాత్రమే ఖర్చు పెట్టాలని షరతు పెట్టారు. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గాని జీతాలకు వాడకూడదన్నారు. ఈ లెక్క తెలిసిన మనిషి "కాలువ పూడిక తీయడానికి నిధుల్లేవు" అన్న జవాబుతో కూర్చోడు, "పారిశుధ్యానికి కేటాయించిన మొత్తం ఎంత, ఇప్పటివరకు ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత" అని అడుగుతాడు.

జమాఖర్చులను మొత్తాలుగా చదివితే "దయచేసి పద్దుల వారీగా చదవండి" అని నిలబడి అడగండి. బోరు మోటారు మరమ్మతు, బ్లీచింగ్ పౌడరు, వీధి దీపాల బల్బులు, ట్రాక్టరు డీజిలు వంటి పద్దుల్లో ఏది ఎంత అన్నది వినగానే ఊరివాళ్లకు అర్థమవుతుంది, ఎందుకంటే మోటారు ఎన్నిసార్లు కాలిందో, ఏ స్తంభానికి దీపం వెలగడం లేదో వాళ్లకు తెలిసినంతగా ఏ ఆడిటరుకూ తెలియదు. సభకు ముందే చూసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు ఎంచుకుంటే ప్రణాళికలో పెట్టిన పనులు, చెల్లింపులు కనిపిస్తాయి. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లవాడి చేత చూపించుకున్నా చాలు.

తర్వాతి పని మీ సమస్య ఎవరి పరిధిలోదో తేల్చుకోవడం. ఊరి లోపలి రోడ్లు, సైడు కాలువలు, తాగునీరు, వీధి దీపాలు, చెత్త సేకరణ, శ్మశానవాటిక పంచాయతీ చేతిలోవి. వంగిపోయిన కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, పాసుపుస్తకంలో తప్పు తహసీల్దారు కార్యాలయానిది, ఊరి గుండా వెళ్లే పెద్ద రోడ్డు రోడ్లు, భవనాల శాఖది. పంచాయతీ పరిధిలో లేని వాటిని సభలో ఎత్తకూడదని దీని అర్థం కాదు. "ఈ విషయాన్ని ఫలానా శాఖ పరిశీలనకు పంపుతూ తీర్మానించడమైనది" అని రాయించవచ్చు, ఒక్క మనిషి అర్జీ కన్నా ఊరి తీర్మానానికి విలువ ఎక్కువ. అయితే సర్పంచు చేతిలో లేని పని కోసం ఆయనతో అరగంట వాదిస్తే చేతిలో ఉన్న పనికి సమయం మిగలదు.

అర్జీ రాయడంలోనే సగం పని అయిపోతుంది. మా వీధి కాలువ గురించి మేము మొదట ఇచ్చిన కాగితంలో "మా వీధిలో మురుగు కాలువ బాగు చేయించ ప్రార్థన" అని మాత్రమే ఉంది. అది రెండు సభల పాటు ఎవరి సంచీలోనో ఉండిపోయింది. మూడోసారి ఒక మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చుకొని కొలిచాం. "రామాలయం మూల నుంచి పాత బడి గోడ వరకు 62 మీటర్ల కాలువ పూడిపోయింది, 14 ఇళ్ల ముందు మురుగు నిలుస్తున్నది, కిందటి వానాకాలంలో రెండు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, పూడిక తీయించి, విరిగిన మూడు బండలు మార్పించాలి" అని రాసి, ఆ 14 ఇళ్లవాళ్లం సంతకాలు పెట్టాం. ఆ కాగితం చదవగానే కార్యదర్శి కూలీల లెక్క వేయడం మొదలుపెట్టాడు, ఎందుకంటే లెక్క వేయడానికి కావలసిన కొలతలు అందులో ఉన్నాయి. అర్జీ ఎప్పుడూ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకొని భద్రపరచండి.

సభలో మాట్లాడటం భయంగా ఉంటుందనేవాళ్లకు ఒక సంఘటన చెబుతాను. నేను చూసిన ఒక సభలో పడమటి వీధికి చెందిన ఒక పెద్దావిడ గోడ క్యాలెండరు నుంచి చింపిన కాగితంతో ముందుకొచ్చింది. "సర్పంచు బాబూ, నా నోటి మాటెందుకు, ఈ కాగితం చూడు. ఇంటూ గుర్తు పెట్టిన రోజు మా నల్లాకు నీళ్లు రాలేదు. పక్కన చుక్కలున్నాయే, అవి పాల లెక్క, వాటితో నీకు పని లేదు" అన్నది. ఆ నెలలో పదకొండు ఇంటూ గుర్తులున్నాయి. అంతకుముందు అదే వీధి యువకులు గట్టిగా అరిచినప్పుడు "రోజూ వదులుతూనే ఉన్నాం" అని జవాబిచ్చిన వాటర్‌మన్ ఈసారి వాల్వు పాడైందని ఒప్పుకున్నాడు. వాల్వు వారం రోజుల్లో మార్చాలని అక్కడికక్కడే తీర్మానం రాశారు. ఆమె రెండు నిమిషాలకు మించి మాట్లాడలేదు, పాత తగాదాలు ఎత్తలేదు, ఎవరి పార్టీ పేరూ తీయలేదు. సభలో రెండు వర్గాలు ఒకరి మీద ఒకరు లేచినప్పుడు అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఇలాంటి చిన్న, నిజమైన సమస్యలే.

లబ్ధిదారుల జాబితాలు చదివే రోజు వేరుగా ఉంటుంది. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా వంటి పథకాల కోసం పెట్టిన సభల్లో తమ పేరు లేదని చాలా ఊళ్లలో జనం నిలదీశారు. ఆ కోపంలో న్యాయం ఉంది, కాని కోపాన్ని కాగితం మీద పెట్టకుండా వెళ్లిపోయినవాళ్ల పేర్లు తర్వాతి జాబితాలో చేరడానికి ఆధారమే మిగలదు. పేరు లేకపోతే అక్కడే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అనర్హుల పేరు ఉందనుకుంటే ఆ అభ్యంతరాన్ని కూడా రాతపూర్వకంగానే ఇవ్వండి. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం వంటి గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం వల్ల గ్రామసభకు ఇంకా ఎక్కువ అధికారం ఉంది. భూసేకరణకు ముందు సభను సంప్రదించడం తప్పనిసరి, చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు సభదే. అక్కడివాళ్లు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం వల్ల జరిగే నష్టం మైదాన ప్రాంతం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

సభ ముగిసే ముందు పది నిమిషాలు మాత్రం కదలకుండా కూర్చోండి. "ఈ రోజు రాసిన తీర్మానాలు ఒకసారి చదివి వినిపించండి" అని అడగండి. "పడమటి వీధి నీటి సమస్యపై చర్చించడమైనది" అని రాసి ఉంటే దాని వల్ల ఏ పనీ జరగదు, ఎందుకంటే చర్చ అక్కడితో ముగిసినట్టే. ఏ పని, ఏ నిధి నుంచి, ఎంత అంచనాతో, ఎవరు, ఏ తేదీలోగా చేయాలన్నది వాక్యంలో ఉండాలి. లేకపోతే అక్కడే చేర్చమనండి. కింద ఖాళీ స్థలం వదిలి సంతకాలు తీసుకుంటుంటే చివరి వాక్యం కింద గీత గీయమని మర్యాదగా చెప్పండి. ఇలా అడగడం తగువుకు దిగడమేమో అని సంకోచించేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజాయితీగా పనిచేసే కార్యదర్శికి ఈ గీత రక్షణగా నిలుస్తుంది.

తీర్మానం ప్రతి ఇవ్వమని అడిగితే కొన్నిచోట్ల వెంటనే ఇస్తారు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. సమాధానానికి 30 రోజుల గడువు. తీర్మానంలో రాసిన గడువు దాటినా పని మొదలవకపోతే తీర్మానం ప్రతిని జతచేసి ముందు మండల పరిషత్ అభివృద్ధి అధికారికి (ఎంపీడీవో), తర్వాత జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఉత్త చేతులతో వెళ్లినవాళ్లకు "మీ పంచాయతీలో చెప్పుకోండి" అన్న మాట ఎదురవుతుంది, తీర్మానం సంఖ్య చేతిలో ఉన్నవాళ్లకు ఆ మాట చెప్పి పంపడం సాధ్యం కాదు.

తర్వాతి గ్రామసభకు ఆ ప్రతిని వెంట తీసుకెళ్లండి. కొత్త ఎజెండా మొదలుపెట్టే ముందు లేచి, కిందటి సభలో ఫలానా సంఖ్య తీర్మానం మీద తీసుకున్న చర్య ఏమిటని అడగండి. వచ్చిన జవాబు అవుననైనా, కాదనైనా దాన్ని కూడా ఆ రోజు పుస్తకంలో రాయించి, చదివించుకొని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.