యుద్ధ వృత్తాంతాలు చదవడం, 4వ పాఠం: ముందు గడియారాలన్నీ ఒక్కటి చేయండి

ఈ పాఠంలో నేరుగా పసిఫిక్ సముద్రంలో అమెరికా, జపాన్ నౌకాదళాలు తలపడిన మిడ్వే యుద్ధంలోకి వెళ్లాలని అనుకున్నాను. కానీ హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ చేసిన దాడి కాలక్రమ పట్టికను తయారు చేయమని గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి. పెర్ల్ హార్బర్‌పై దాడి 1941 డిసెంబరు 7న, ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్ విమానస్థావరంపై దాడి డిసెంబరు 8న జరిగాయి కాబట్టి, అక్కడి అమెరికా సైన్యాధిపతి మెకార్థర్‌కు సిద్ధం కావడానికి ఒక రోజంతా దొరికిందని చాలామంది రాశారు. ఆ రోజంతా ఏం చేశాడంటూ కొందరు ఆయనను దుయ్యబట్టారు కూడా. ఆయనను విమర్శించడానికి తగిన కారణాలు ఉన్నాయి, కానీ లేని రోజును సృష్టించి విమర్శించకూడదు.

హవాయిలో దాడి ఆదివారం ఉదయం 7:55కు మొదలైంది. అప్పటి హవాయి కాలం గ్రీనిచ్ కాలానికి పదిన్నర గంటలు వెనుక ఉండేది. ఇప్పటిలా పది గంటలు కాదు, ఆ అరగంటను మరచిపోయిన పట్టికలు కూడా కొన్ని వచ్చాయి. కాబట్టి ఆ క్షణం గ్రీనిచ్ కాలంలో 7వ తేదీ 18:25 అవుతుంది. వాషింగ్టన్‌లో అదే రోజు మధ్యాహ్నం 1:25, టోక్యోలో 8వ తేదీ తెల్లవారుజామున 3:25, మనీలాలో 8వ తేదీ రాత్రి 2:25. క్లార్క్‌పై బాంబులు పడింది మనీలా కాలం ప్రకారం మధ్యాహ్నం 12:35 ప్రాంతంలో. రెంటికీ మధ్య ఉన్నది పది గంటలు మాత్రమే. ఆ పది గంటల్లో తొలి మూడు నాలుగు గంటలు చీకటిలో గడిచాయి. ఇన్ని గంటలు చేతిలో ఉండి కూడా అమెరికా బి-17 బాంబర్లు నేల మీద ఎందుకు దొరికిపోయాయన్నది గట్టి ప్రశ్నే, కానీ దాన్ని సరిగ్గా అడగాలంటే తేదీ చూసి కాక గంటలు లెక్కపెట్టి అడగాలి.

ఈ పొరపాటు ఇంకో వైపు కూడా కొడుతుంది. జపాన్ సైనికులు మలయాలోని కోటా బారు తీరంలో 8వ తేదీ అర్ధరాత్రి దాటాక దిగారు. తేదీ మాత్రమే చూస్తే అది పెర్ల్ హార్బర్ తరువాత జరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి గంటకు పైగా ముందే జరిగింది. ఆ తీరాన్ని కాచింది భారత సైన్యానికి చెందిన డోగ్రా దళం. అంటే పసిఫిక్ యుద్ధపు తొలి కాల్పులను ఎదుర్కొన్నవారు అమెరికన్లు కారు. అలాగే జపాన్ రాయబారి తన ప్రభుత్వ సందేశాన్ని వాషింగ్టన్‌లో 2:20కి అందించాడని చదివినప్పుడు, 1:25ను దాని పక్కన పెట్టండి. దాడి మొదలై అప్పటికి 55 నిమిషాలైంది.

కాబట్టి నా పద్ధతి ఇది. మొదటి నిలువు వరుస ఎప్పుడూ గ్రీనిచ్ కాలమే, తేదీతో సహా. స్థానిక కాలాలు ఆ తరువాతి వరుసల్లో రాయాలి. పట్టికను పెన్సిల్‌తోనే గీయండి, ఎందుకంటే తప్పకుండా చెరపవలసి వస్తుంది. రంగుల బాణాలు వేసిన పటాలను పట్టిక పూర్తయ్యేదాకా చూడవద్దని నా సలహా. ఆ బాణాలన్నీ ఒకేసారి కదులుతున్నట్టు భ్రమ కలిగిస్తాయి.

ఇక మిడ్వే, 1942 జూన్ 4. ఇక్కడ గడియారాలు మూడు. మిడ్వే దీవి కాలం గ్రీనిచ్‌కు 12 గంటలు వెనుక ఉండేది. అమెరికా విమానవాహక నౌకలు తమ నివేదికల్లో 10 గంటలు వెనుక ఉన్న కాలాన్ని వాడాయి. జపాన్ నౌకాదళం ఏ సముద్రంలో ఉన్నా టోక్యో కాలాన్నే పాటించేది, అది గ్రీనిచ్‌కు 9 గంటలు ముందుంటుంది. అందువల్ల మూడు జపాన్ నౌకలపై బాంబులు పడిన అదే సమయం మిడ్వే కాలంలో 4వ తేదీ 10:25 ప్రాంతం, అమెరికా నౌకల లెక్కలో 12:25, జపాన్ పత్రాల్లో 5వ తేదీ 7:25. ఇవి మూడు దాడులు కావు. మిడ్వే కాలంలోంచి 3 గంటలు తీసి ఒక రోజు కలిపితే టోక్యో కాలం వస్తుంది. నేను ఈ సూత్రంతోనే నడిపిస్తాను, కానీ మీరు ఈ ఒక్కసారికి గ్రీనిచ్ ద్వారానే వెళ్లండి.

జపాన్ దళ నాయకుడు నగుమో నాలుగు విమానవాహకాలతో వచ్చాడు: అకాగి, కాగా, సోర్యు, హిర్యు. వీటిలో కాగా తప్ప మిగిలిన మూడూ అంతకు రెండు నెలల ముందు సింహళం దగ్గరి సముద్రంలో ఉన్నవే. అదే ఏప్రిల్ 6న విశాఖపట్నంపై బాంబులు వేసిన విమానాలు మాత్రం వీటివి కావు, మరో జపాన్ నాయకుడు ఒజావా దళంలోని ర్యూజో నౌకవి. మిడ్వే సమయానికి ఆ ర్యూజో అలూషియన్ దీవుల వైపు వెళ్లి, జూన్ 3న డచ్ హార్బర్‌పై దాడి చేసింది.

మిడ్వే కాలంలో చెబుతాను. 4:30కు 108 జపాన్ విమానాలు దీవి వైపు లేచాయి. 7:00కు, దీవిపై మరో దాడి అవసరమని వాటి నాయకుడు తోమొనాగా సందేశం పంపాడు. 7:15కు, నౌకలపై దాడికి టార్పెడోలతో సిద్ధంగా ఉంచిన విమానాలకు నేల మీద వేసే బాంబులు అమర్చమని నగుమో ఆజ్ఞాపించాడు. 7:28కి, అరగంట ఆలస్యంగా బయలుదేరిన ఒక గూఢచార విమానం పది శత్రు నౌకలను చూశానని తెలిపింది. వాటిలో విమానవాహకం ఉన్నట్టుందని 8:20కి గాని చెప్పలేదు.

ఇప్పుడు 7:15 కింద ఒక గీత గీయండి. నగుమోకు తెలిసిందంతా గీత పైనే ఉంది. గీత కింద ఉన్నదాన్ని పట్టుకుని ఆ ఆజ్ఞను మూర్ఖత్వమని తేల్చేవారు ఎందరో ఉన్నారు. తీర్పు చెప్పదలిస్తే 7:28 తరువాతి నిర్ణయాలపై చెప్పండి, ఆ ఆజ్ఞను 7:45కు ఆపమనడం, తిరిగివస్తున్న విమానాలను మొదట దించుకోవాలని 8:30కు అనుకోవడం అక్కడే ఉన్నాయి. మరో ఐదు నిమిషాలు దొరికితే జపాన్ ప్రతిదాడి గాలిలోకి లేచేదన్న జపాన్ విమానదళ అధికారి ఫుచిదా కథనాన్ని కూడా పట్టికే పరీక్షిస్తుంది. 9:20 నుంచి వరసగా వచ్చిన 41 అమెరికా టార్పెడో విమానాలు ఒక్క దెబ్బా తగిలించలేకపోయినా, ఆ సమయమంతా జపాన్ నౌకల పైతలం కాపలా యుద్ధవిమానాలను దించుకోవడానికీ పంపడానికీ సరిపోయింది. బాంబర్ల బారులు అక్కడ సిద్ధంగా నిలబడే వీలు చాలా తక్కువ.

అభ్యాసం: అమెరికా నౌక యార్క్‌టౌన్‌పై తొలి బాంబులు మిడ్వే కాలం మధ్యాహ్నం 12 దాటగానే, హిర్యుపై బాంబులు సాయంత్రం 5 దాటాక పడ్డాయి. ఈ రెంటినీ పై సంఘటనలన్నిటితో కలిపి గ్రీనిచ్‌తో సహా నాలుగు కాలాల్లో, తేదీలతో రాయండి. తరువాత 7:15, 7:28, 7:45, 8:20, 8:30 సమయాల్లో నగుమోకు తెలిసింది మాత్రమే వాడి, ఆయన ముందున్న మార్గాలను ఒక్కొక్క సమయానికి ఒక్కొక్క పేరాగా రాయండి. గీత కింది సమాచారం ఒక్క వాక్యంలో చొరబడినా ఆ పేరాను మళ్లీ రాయాలి. ఇది ఒక సాయంత్రంలో తేలే పని కాదు, వారం తీసుకోండి.